ఉట్టి కింద ఇద్దరు

"దొరసానికి శీలావతి పడదు. ఎన్నిసార్లు చెప్పాలే నీకు?" అంది అమ్మ, పళ్ళెం నా వైపు తోసి.

దొరసాని మా పిల్లి. 2010 వానల్లో, నాన్న పోయిన మరుసటేడు, వట్లూరు ఇంటి పెరట్లో గడ్డివాము పక్కన తడిసి ముద్దయి దొరికింది. అప్పుడు అరచేతిలో ఇమిడేది. ఇప్పుడు ఆరు కిలోలు. పదిహేనేళ్ళు దాటాయి, పళ్ళు కొన్ని ఊడాయి, ఎడమ చెవి సరిగ్గా వినపడదు. చేపలావిడ కేక మాత్రం రెండు వీధుల అవతల ఉండగానే వినపడుతుంది. నిన్నటి కూర ముట్టదు. ముల్లు తగిలితే పళ్ళెం వదిలేసి మన మొహం వంక చూస్తుంది. మీగడ పైపైన మాత్రమే నాకుతుంది. అమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని, ఉడికిన చేపని వేళ్ళతో విడదీసి, ముళ్ళన్నీ ఏరి, చల్లారబెట్టి దాని ముందు పెడుతుంది. మా చిన్నప్పుడు మాకెవరికీ ఇంత భోగం లేదు.

రోహూని మా వైపు శీలావతి అంటారు. చేపకి ఆ పేరు ఎందుకొచ్చిందోగాని, శీలావతిని గెంటేసే పిల్లి ఇంట్లో ఉండటం నాకు లోలోపల సంతోషంగానే ఉంటుంది. అసలు సంగతి అది కాదు. ఆ రోజు పళ్ళెం నా వైపు తోస్తున్నప్పుడు నాకొకటి తట్టింది. ఎనభై దాటిన మా అమ్మ తనకి ఫలానాది ఇష్టమని ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెప్పగా నేను వినలేదు. "దానికి చెరువు చేప నచ్చదు." "దానికి వేడిగా ఉండాలి." "దానికి పులుసులో ముక్క కావాలి, వేపుడు కాదు." ఈ మాటల్లో "దానికి" తీసేసి "నాకు" పెట్టి చూడండి. చరిత్ర పాఠాలు చెప్పి పింఛను పుచ్చుకుంటున్నదాన్ని, ఇంట్లో ఎదురుగా ఉన్న ఈ సాక్ష్యాన్ని చదవడానికి ఇంతకాలం పట్టింది.

తెలుగులో పిల్లి గురించి ఉన్న మాటలన్నీ ఒకచోట పెట్టుకుంటే చాలా మటుకు తిండి చుట్టూనే తిరుగుతాయి. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి. పిల్లికి బిచ్చం పెట్టని లోభి. పిల్లి శాపాలకి ఉట్లు తెగుతాయా అన్న సామెత. కుక్కకి విశ్వాసం, ఆవుకి పవిత్రత దొరికాయి. పిల్లికి దొరికింది ఆకలి ఒక్కటే, అదీ దొంగ ఆకలి. ఈ దొంగతనం పిల్లి సహజగుణం అనుకుంటాం గాని, దొంగతనం ఉండాలంటే ముందు కాపలా ఉండాలి కదా. ఆ కాపలా పేరు ఉట్టి.

ఇప్పటి పిల్లలకి ఉట్టి అంటే కృష్ణాష్టమి నాడు కర్రతో కొట్టే కుండ. మా నాయనమ్మ వంటింట్లో అది ఇంటి రాజ్యాంగం. దూలానికి కట్టిన నార తాళ్ళు, వాటి కింద చుట్టకుదురు లాంటి అల్లిక, అందులో ఒకదాని మీద ఒకటి పాలకుండ, పెరుగు కుండ, అన్నిటికన్నా పైన వెన్న. చీమలకి, ఎలుకలకి, పిల్లికి అందకూడదని పైన కట్టారంటారు. ఎంత ఎత్తున కట్టాలన్నది మాత్రం పిల్లి ఎగిరే ఎత్తుని బట్టే తేలలేదు. మా నాయనమ్మ ఉట్టి ఆవిడ చెయ్యెత్తితే అందే ఎత్తులో ఉండేది. ఆవిడ పొడగరి. మా అమ్మ పొట్టిది. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికి ఎక్కుతుందా అన్న సామెతలో "అమ్మ" ఎందుకుందో నాకు అక్కడ అర్థమైంది.

అమ్మ ఆ ఇంటికి 1961లో పదిహేడేళ్ళ కోడలిగా వచ్చింది. మాది పెద్ద భూస్వామ్యం కాదు, అలాగని తిండికి లేని ఇల్లూ కాదు. గాదెలో వడ్లు, పెరట్లో రెండు గేదెలు ఉండేవి. అయినా కోడలికి ఆకలేసేది. మగవాళ్ళు, పిల్లలు, పాలేళ్ళు, అత్తగారు, ఆడపడుచులు అయ్యాక కోడలి వంతు. అప్పటికి చేపల పులుసులో పులుసు మిగిలేది. ముక్క మిగిలితే తోక. మా ఇంటి ఆడవాళ్ళ గురించి "చేపలో తల, తోక వాళ్ళకే ఇష్టం" అని మగవాళ్ళు మురిపెంగా చెప్పుకునేవారు. ఎవరూ ఆ ఇష్టాన్ని పరీక్షకి పెట్టలేదు.

అయిదారేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం దొరసానికి మీగడ పెడుతూ అమ్మ దానంతట అదే చెప్పింది. నేను కడుపులో ఉండగా ఒక రాత్రి ఆకలికి ఆగలేక పీట వేసుకుని ఉట్టి మీది పాలు తాగేసిందట. దింపడంలో కుండ మూకుడు కింద పడి పగిలింది. నాయనమ్మ లేచి వచ్చేసరికి అమ్మ నోట్లోంచి వచ్చిన మాట "పిల్లండీ". అప్పుడు ఇంట్లో ఒక నల్ల పిల్లి తిరుగుతుండేది, గాదె దగ్గర ఎలుకలు పట్టడానికి. మర్నాడు పాలేరు దాన్ని గోనెసంచిలో కట్టి కాలవ అవతల వదిలిపెట్టి వచ్చాడు. సంచిలో అది అరిచిన అరుపు అమ్మకి ఇప్పటికీ వినపడుతుందట. "పాలు నేను తాగాను, సంచిలో అది పోయింది" అంది. ఇంకేం అనలేదు. దొరసాని మూతి తుడిచి లేచి వెళ్ళిపోయింది.

నేను అప్పుడు మాట్లాడలేదు. బెంగాలీ స్త్రీల నోట తరతరాలుగా నడిచిన ఒక వ్రతకథ గుర్తొచ్చింది. అక్కడ పిల్లల్ని కాపాడే దేవత షష్ఠీదేవి, ఆమె వాహనం పిల్లి. ఒక ఇంటి చిన్నకోడలికి తిండి యావ ఎక్కువ. చాటుగా తిని, ఆ నేరం నల్ల పిల్లి మీద తోసేస్తుంటుంది. పిల్లికి దెబ్బలు పడుతుంటాయి. చివరికి ఆ పిల్లి, కోడలు కన్న పిల్లల్ని ఒక్కొక్కరినే ఎత్తుకుపోయి షష్ఠీదేవి దగ్గర పెడుతుంది. కోడలు ఏడ్చి, దేవతని వెతుక్కుంటూ వెళ్ళి, పిల్లి కాళ్ళు పట్టుకుని క్షమాపణ అడిగితేగాని పిల్లలు తిరిగి రారు. అమ్మ ఈ కథ ఎప్పుడూ విననే లేదు. వట్లూరులో ఆ వ్రతం చేసేవాళ్ళు లేరు. అయినా నల్ల పిల్లితో సహా అదే కథ మా వంటింట్లో జరిగింది. ఉట్టి ఒకటే అయినప్పుడు కథ ఒకటి కావడంలో వింతేముంది?

ఆ వ్రతకథలో నన్ను ఇబ్బంది పెట్టేది ఒకటుంది. కోడలికి ఆకలి ఎందుకేసిందని కథ అడగదు. అది ఆమె స్వభావం, అంతే. నేరం ఆకలిదీ, అబద్ధానిదీ. వడ్డించేవాళ్ళ వరసది కాదు. ఒకే కూటి కోసం ఇద్దరు ఆకలిగొన్నవాళ్ళని ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పి, తర్వాత ఇద్దరి మధ్యా రాజీ కుదిర్చే దేవతని చూపించడం పితృస్వామ్యానికి తెలిసిన విద్యే. అయితే కథ చెప్పింది ఆడవాళ్ళే, విన్నదీ ఆడవాళ్ళే. కొట్టిన దెబ్బకి పిల్లి లెక్క అడిగిందని, ఆ లెక్క దేవత దగ్గర చెల్లిందని చెప్పుకున్నారు. పిల్లి శాపానికి ఉట్టి తెగదన్న మన సామెత కన్నా ఆ మాట నాకు దగ్గరగా అనిపిస్తుంది.

మనం మగవాళ్ళ నోట విన్న పిల్లి కథ వేరు. తెనాలి రామకృష్ణుడి పిల్లి. రాయలవారు ఎలుకల బాధ పోగొట్టడానికి ఇంటింటికీ పిల్లినీ, దాని పాల కోసం ఆవునీ ఇచ్చారట. రామకృష్ణుడు మొదటిరోజే సలసల కాగే పాలు దాని ముందు పెట్టాడు. మూతి కాలిన పిల్లి మళ్ళీ పాల వంక చూడలేదు, పాలన్నీ ఆయనే తాగాడు. చరిత్ర కాదది, చాటు కథ. కాని ఎన్ని తరాల పిల్లలం దానికి నవ్వాం! ఒక ప్రాణికి రావలసిన తిండిని దాని నోరు కాల్చి కాజేసి, పైగా "దానికే ఇష్టం లేదు ప్రభూ" అనిపించడం అందులోని చమత్కారం. తల, తోక వాళ్ళకే ఇష్టం అన్నదానికి అన్నగారు ఈ కథ.

అసలు పిల్లి మనిషి ఇంటికి వచ్చింది పాల కోసం కాదు. పశ్చిమాసియాలో, ఉత్తరాఫ్రికాలో మనుషులు ధాన్యం నిలవ చెయ్యడం మొదలుపెట్టాక ఎలుకలు చేరాయి, ఎలుకల వెనక అడవిపిల్లి చేరింది. సైప్రస్ దీవిలో దాదాపు 9,500 ఏళ్ళ నాటి సమాధిలో మనిషి పక్కనే పూడ్చిన పిల్లి ఎముకలు దొరికిన సంగతి 2004లో బయటికొచ్చింది. మిగతా పశువుల్ని మనిషి పట్టి కట్టేశాడు, పిల్లి మాత్రం పని చూసుకుని తనే వచ్చింది. కాబట్టి గాదె ఉన్న ఇంట్లో అది పనిమనిషి, అదీ జీతం లేనిది. "అన్నం పెడితే ఎలకల్ని పట్టదు" అని మా తాతయ్య గట్టిగా అనేవాడు. అందుకే పిల్లికి పెట్టడం కూడా ఆడవాళ్ళు చాటుగా చేసే పని అయింది. అంట్లు తోమే దగ్గర, కుడితి తొట్టి పక్కన, ఎవరూ చూడకుండా ఒక ముద్ద.

ఇంగ్లీషు ప్రభుత్వానికి కూడా పిల్లి పనితనం ఒక దశలో అర్థమైంది. 1896లో బొంబాయిలో ప్లేగు మొదలై దేశమంతా లక్షల మందిని తీసుకుపోతున్న రోజులవి. బేరారులోని అమరావతి ప్రాంతంలో పనిచేసిన ఆండ్రూ బుకానన్ అనే సైనిక వైద్యుడు, పిల్లులు ఎక్కువగా ఉన్న ఊళ్ళు ప్లేగు నుంచి తప్పించుకుంటున్నాయని వాదిస్తూ 1908లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం రాశాడు. ఏ ఊళ్ళో ఎన్ని పిల్లులన్నది అప్పుడు లెక్కకెక్కింది. ఆ పిల్లులకి ఆ ఊళ్ళలో అన్నం ఎవరు పెట్టారన్నది లెక్క కాదు గదా. ఆడవాళ్ళ చాకిరీ గురించి మనం చరిత్రకారుల్ని ఎప్పుడూ అడిగే ప్రశ్నే ఇది: పని లెక్కకొస్తుంది, ఆ పని చేసే ప్రాణం ఏం తిని బతికిందన్నది రాదు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర" చదివాక నేను నేర్చుకున్నది, పోరాటాల గురించి అడిగినట్టే వంటింటి గురించీ అడగాలని. అమ్మని అడగడానికే ఇంత ఆలస్యం చేశాను.

మా ఇంట్లో ఉట్టి పోయింది ఫ్రిజ్ వచ్చాక. అప్పటి ఫ్రిజ్‌లకి తాళం ఉండేది, గుర్తుందా? ఆ తాళంచెవి నాయనమ్మ బొడ్లోకి వెళ్ళింది. అప్పటికి అమ్మకి నలభై దగ్గరపడుతున్నాయి. నేను డిగ్రీ చదువుతున్నాను. సాంకేతిక ప్రగతి ఆడవాళ్ళని విముక్తం చేస్తుందని వ్యాసరచన పోటీలో రాసి బహుమతి తెచ్చుకున్నాను.

చేపల సంగతికి వస్తాను, ఎందుకంటే దొరసాని అలక అంతా అక్కడే ఉంది. వట్లూరుకి దక్షిణంగా కొల్లేరు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో, బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏర్లు తెచ్చే నీళ్ళు నింపుకుని ఉప్పుటేరు గుండా సముద్రానికి వదిలే మంచినీటి సరస్సు. అమ్మ కొత్తకోడలుగా ఉన్నప్పుడు కొల్లేటి లంకల నుంచి వడ్డి కులపు ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని వచ్చేవారు. కొర్రమీను, వాలుగ మగవాళ్ళ కంచాలకి, చుట్టాలకి. గంప అడుగున మిగిలే ఇంగిలాయిలు, మట్టగిడసలు, జెల్లలు, పరిగెలు చవక. అవి దోసెడు బియ్యానికి వచ్చేవి. పరిగెలు ఇసకేసి రుద్ది, మామిడికాయ వేసి దగ్గరగా వండితే ఆ కూర ఆడవాళ్ళది. తలలు, పొట్టలు పిల్లివి. చిన్నచేపని మగవాళ్ళు ముళ్ళ బాధకి ముట్టేవారు కాదు కాబట్టి, కోడలు కడుపునిండా తిన్న చేప ఏదన్నా ఉంటే అదే.

1976 ప్రాంతంలో, జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉండగా, మత్స్యకారుల సహకార సంఘాల పేరుతో కొల్లేటిలో చేపల చెరువులు తవ్వడం మొదలైంది. లంకల్లోని బీదవాళ్ళ బతుకు బాగుచెయ్యడానికే అన్నారు. క్రమంగా చెరువులు డబ్బున్న బయటివాళ్ళ లీజుల్లోకి పోయాయి, నీళ్ళున్నంత మేరా గట్లు లేచాయి. బొచ్చె, శీలావతి పెంచి, తవుడూ చెక్కా మేపి, ఐసు పెట్టెల్లో లారీలకెక్కించి కలకత్తా వైపు పంపడం మొదలుపెట్టారు. 1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సార్ జాబితాకెక్కింది, 2006లో ప్రభుత్వం గట్లు తెగ్గొట్టింది. చాలాచోట్ల గట్లు మళ్ళీ వచ్చాయి. ఈ చరిత్ర గురించి పర్యావరణవేత్తలు పెలికాన్ల వైపు నుంచి, రైతులు ముంపు వైపు నుంచి, లంకల వాళ్ళు ఉపాధి వైపు నుంచి రాశారు, వాదించారు. పరిగెల కూర వైపు నుంచి నేను ఎక్కడా చదవలేదు. చెరువు కట్టేవాడికి పరిగె కలుపు మొక్క లాంటిది, మేత తినేసే దండగ చేప. దాని పంట పోయినందుకు నష్టపరిహారం ఎవరడుగుతారు? గంప మోసిన ఆడవాళ్ళు చెరువు గట్ల మీద కూలీలయ్యారు. శీలావతి బెంగాలుకి, షష్ఠీదేవి పిల్లి ఉన్న చోటికి, పోతోంది. మా దొరసానికీ మిగిలింది అదే, అదీ తవుడు వాసనతో. ఆ వాసన నాకు తెలియదు. అమ్మకి తెలుసు, పిల్లికి తెలుసు.

దొరసానికీ అమ్మకీ ఇంకొక చుట్టరికం ఉంది. బయల్దేరేటప్పుడు పిల్లి ఎదురైతే అపశకునం. వితంతువు ఎదురైనా అపశకునమే. రెండూ ఒకే జాబితా. మా అమ్మాయి మొదటి ఉద్యోగానికి బయల్దేరిన రోజు అందరం వీధి గుమ్మంలో ఉన్నాం. అమ్మ వంటింట్లో ఉండిపోయింది. ఎవరూ ఉండమనలేదు, తనే. సంఘాల్లో తిరిగినదాన్ని, ఉపన్యాసాలిచ్చినదాన్ని, నాకు ఆ క్షణంలో అమ్మ అక్కడ లేదనే తట్టలేదు. దొరసాని మాత్రం తోకెత్తుకుని తాపీగా నట్టింట్లోంచి వచ్చి గుమ్మానికి అడ్డంగా కూర్చుని కాలు నాక్కోవడం మొదలుపెట్టింది. పక్కింటి పిన్నిగారు "అయ్యో, ఒక్క నిమిషం కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళమ్మా" అంది. మా అమ్మాయి నవ్వి, "ఎటూ ఆగాం కదా" అని చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి అమ్మమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆ రోజు పిల్లికి దక్కిన గౌరవం నాకు దక్కాల్సింది కాదు, దక్కలేదు కూడా.

కిందటేడు నుంచి దొరసాని నీళ్ళు ఎక్కువ తాగుతోంది. పశువుల డాక్టరు రక్తపరీక్ష చేయించి మూత్రపిండాలు దెబ్బతింటున్నాయన్నాడు. వయసు మళ్ళిన పిల్లుల్లో మామూలేనట. ఉప్పు వద్దు, పాలు వద్దు, ఎదిగిన పిల్లికి పాలు సరిగా అరగవు. పులుసు ముక్క అస్సలు వద్దు, ఉల్లి వెల్లుల్లి పిల్లి రక్తానికి విషం. బరువు కొంచెం కొంచెంగా తగ్గించాలి, ఒక్కసారి కడుపు మాడిస్తే కాలేయం పాడవుతుంది. నెలకి నా చీరల ఖర్చంత ధర చెప్పి ప్రత్యేకమైన మేత డబ్బాలు రాసిచ్చాడు. వేల ఏళ్ళుగా పిల్లి దొంగతనమంతా దేనికోసం అనుకున్నామో ఆ పాలే దానికి పడవన్నమాట. ఇంకో సంగతి కూడా అమ్మకి చదివి చెప్పాను: పిల్లి నాలిక మీద తీపిని పట్టే గ్రాహకం పనిచెయ్యదని 2005లో శాస్త్రజ్ఞులు కనిపెట్టారు, దానికి తీపే తెలియదు. "పోన్లే, షుగరన్నా రాదు" అంది. పిల్లులకీ వస్తుందని చెప్పాల్సొచ్చింది.

అమ్మకి షుగరు ఇరవై రెండేళ్ళుగా ఉంది. ఇంట్లో ఇప్పుడు తిండికి కాపలా కాస్తున్నది నేను. పళ్ళెంలో ఎంతుండాలి, ఏముండకూడదు అని కాగితం రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను, ఒకటి అమ్మకి, ఒకటి దొరసానికి. తాళం లేదు గాని ఉన్నట్టే. ప్రేమతోనే చేస్తున్నానని నాకు తెలుసు. నాయనమ్మ కూడా ఇల్లు గుల్లవకూడదని ప్రేమతోనే ఉట్టి అంత ఎత్తున కట్టి ఉంటుంది. ఒకరోజు అమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన చదివి, "ముసలితనంలో నోరు కట్టుకోవడం దీనికి కొత్త. పాపం, అలవాటు లేదు" అంది.

మొన్న ఏలూరులో చేపల దగ్గర అడిగాను, ఇంగిలాయిలు దొరుకుతాయా అని. "కొల్లేటివి రావడం తక్కువమ్మా, ఆదివారం చూస్తాను, ఎవరికి, బాలింతకా?" అంది ఆవిడ. మా అమ్మకి అన్నాను. ఆ మాట బయటికి అనడం అదే మొదలు. ఆదివారం అరకిలో దొరికాయి. రెండు ఉప్పు లేకుండా ఉడకబెట్టి దొరసానికి పెట్టాను. వాసన చూసి, ముందు కాలితో నేల గీరి, పక్కకి వెళ్ళిపోయింది. మిగతావి మామిడికాయ వేసి పులుసు పెట్టాను.

"దానికి నచ్చలేదే" అంది అమ్మ. పారెయ్యడం దేనికని దాని పళ్ళెంలోవి కూడా తన కంచంలో వేసుకుని, పులుసు పోసుకుని, ముళ్ళు ఏరుకుంటూ నిదానంగా తిన్నది. తర్వాత గిన్నె మూత తీసి ఇంకొక ముక్క వేసుకుంది.